కొత్తమెరక లాకు మర్యాదలు

సముద్రం లోపలికొచ్చిన 37వ ఏడు

మార్గశిర బహుళ దశమి. బయట ఉప్పునీరు నాలుగడుగులు, లోపల మంచినీరు ఆరు.

రాసింది వాసంశెట్టి నూకరత్నం, షట్టరు తిప్పే లస్కరు, కొత్తమెరక లాకు. ఓవర్సీరు గారూ, ఈ పుస్తకంలో మట్టాలు తప్ప ఇంకేమీ రాయొద్దని పోయిన తనిఖీలో ఎర్రసిరాతో కొట్టేసి వెళ్ళారు. ఈ వారం మాత్రం రాస్తానండి. వారం తర్వాత మట్టం చూడ్డానికి లాకు ఉంటుందో లేదో తెలీదు. ఉంటే మీరే వచ్చి ఇంకోసారి కొట్టేద్దురుగాని.

ఉప్పు మీటరు పాడై రెండేళ్ళయింది, అర్జీ మీ బల్ల మీదే ఉంది. అందుకని రోజూ పొద్దున్నే కాలవ నీళ్ళు దోసిట్లో తీసుకుని నాలిక మీద వేసుకుని చూస్తున్నాను. తియ్యగానే ఉన్నాయి. గొడవంతా ఈ తీపి కోసమే. షట్టరుకి ఇవతల పంతొమ్మిది ఊళ్ళు ఈ నీళ్ళే తాగుతాయి. అవతల రేవు వాళ్ళు. సముద్రం మీద తేలే ఊరు కట్టుకున్న మహానుభావులకి ఇప్పుడు పడవలు పైకి తోలుకోడానికి మన కాలవ కావాలట. అమావాస్య వెళ్ళిన పాడ్యమినాడు ఏడాదికల్లా పెద్ద పోటు. ఆ పోటులో షట్టరు ఎత్తారంటే వాళ్ళ పడవలు షట్టరు కింది రాతిగడప తగలకుండా దాటి లోపలికొస్తాయి, వాటితోపాటు ఉప్పూ వస్తుంది. పోటు దాటిపోతే మళ్ళీ ఏడాది దాకా వాళ్ళ వల్ల కాదు. అంటే ఈ ఏడు రోజులూ షట్టరు కిందనే ఉండాలి. అంతే పని.

మధ్యాహ్నం సైన్యం వచ్చింది. సైన్యం అంటే ఎనిమిది మంది. ముందు నడిచొచ్చిన ఆవిడకి పాతికేళ్ళు కూడా ఉండవు. లెఫ్టినెంటు ఆత్రం సుగుణ గారు, ఆదిలాబాదు అడవుల వైపు గోండులట. ఇంటిపేరు ఆత్రం గాని మనిషి మహా నిమ్మళం. లాకు వంతెన మీది షట్టరు చక్రాలకి నేను అప్పుడే గ్రీజు పూశానని చూసి, బురద బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కారు. అక్కడే నాకు నచ్చేశారు.

"ఆయ్, రండి, కూర్చోండి, మంచినీళ్ళు పుచ్చుకోండి" అన్నాను. నాది కోనసీమ నోరండి, ఎవరొచ్చినా అలాగే వస్తుంది.

వాళ్ళతో మనవైపు మనిషి ఒకడున్నాడు, నాయక్ ర్యాంకువాడు, బుల్లబ్బాయి. నలభై దాటినా పేరు బుల్లబ్బాయే. దిగువన పల్లెపాలెం కాపలాలో ఉండేవాడు. నాలుగు రోజుల కిందట అక్కడి కెప్టెన్ గారిని రేవు వాళ్ళు ఒకే ఒక్క గుండుతో పడగొట్టారు. ఆయన పడ్డాక ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు లేక పన్నెండు మందీ సాయంత్రానికల్లా తలోదారి పట్టారు. పల్లెపాలెం పోయింది. బుల్లబ్బాయి ఒక్కడే ఇటు నడిచొచ్చి వీళ్ళని కలిశాడు. అప్పట్నించి నోరు విప్పలేదట. అన్నం పెడితే తిన్నాడు, పాపం, కంచం కడిగి బోర్లించాడు.

బహుళ ఏకాదశి. బయట నాలుగున్నర, లోపల ఆరు. తీపి.

పొద్దున తూనీగ వచ్చింది. రేవు వాళ్ళు పంపే ఎగిరే మరని ఇక్కడ అందరం అలాగే అంటాం. జానెడు పొడుగు, నాలుగు రెక్కలు, కడుపులో ఒకటే గుండు. ఒకటే కాబట్టి ఊరికే ఖర్చు పెట్టదు. చార్జింగు ఉన్నంతసేపూ పైన నిలబడి వింటుంది, ఆఫీసరు ఎవరో తేల్చుకుంటుంది, అప్పుడు పేలుస్తుంది. రెప్పపాటులో పక్కకి తప్పుకుంటుంది గనక మన తుపాకులకి దొరకదు. ఇవాళ్టిది ఒక చుట్టు తిరిగి, పెళ్ళిచూపులకొచ్చినట్టు అంతా చూసుకుని వెళ్ళిపోయింది.

లెఫ్టినెంటు గారు వెళ్ళి బుల్లబ్బాయి ముందు గొంతుక్కూర్చున్నారు.

"మీ కెప్టెన్ భుజం మీద బిళ్ళలు పెట్టుకున్నడా?"

తల అడ్డంగా ఊపాడు.

"టోపీ?"

అదీ లేదు.

"మరి మీ అందరి లెక్కనే ఉన్నడు. తూనీగకెట్ల తెలిసింది? ఆ టైముకి మీరేం మాట్లాడుతున్నరు?"

బుల్లబ్బాయి నోరు విప్పాడు. "ఏం లేదండి. ఇసక బస్తా ఇటు జరపమన్నారండి. ఆయ్, అలాగేనండి అన్నానండి."

"మళ్ళ చెప్పు."

"ఆయ్, అలాగేనండి."

ఆవిడ లేచి నిలబడ్డారు. "గదే. అది బిళ్ళలు చూస్తలేదు. ఎవరు ఎవరిని అండి అంటున్నరో వింటున్నది. పదిమంది ఎవరిని అండి అంటే వాళ్ళే ఆఫీసరు."

బుల్లబ్బాయికి ఆ అనుమానం ముందే ఉన్నట్టుంది. అందుకే కాబోలు ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నాడు. ఆ మొహం చూడలేక నేను పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

ఆవిడ అందరినీ పిలిచి చెప్పారు. "ఇప్పటిసంది నన్ను అండి అన్నోళ్ళు నన్ను చంపినోళ్ళే. నువ్వు అనండి, సుగుణా అనండి, ఒసే అన్నా మంచిదే. పెద్దమ్మా, నీ పుస్తకంల కూడా గారు రాయకు. రేపు వాళ్ళ చేతిల పడితే చదువుతరు."

కాబట్టి ఓవర్సీరు గారూ, ఇక్కణ్ణించి వచ్చింది, వెళ్ళింది అనే రాస్తాను. పొగరని అనుకోకండి.

బహుళ ద్వాదశి. బయట ఐదు, లోపల ఆరు. తీపి.

పొద్దున చక్రాలకి గ్రీజు, ఆ తర్వాత ఇసక బస్తాలు, మధ్యలో అమర్యాద నేర్చుకోవడం. ఓబులేసు అని అనంతపురం పిల్లాడు, పెద్ద తుపాకీ వాడిదే, వాడికి ఇట్టే వచ్చేసింది. "సుగుణా, బస్తా ఇటియ్యి" అని దర్జాగా అరుస్తున్నాడు. మిగిలినవాళ్ళూ నెమ్మదిగా దారిలో పడ్డారు. రానిది నాకూ బుల్లబ్బాయికీ.

"ఒసే అను పెద్దమ్మా" అంది సుగుణ.

"ఒసేయండి" అన్నాను.

ఓబులేసు బస్తా కింద పడేసి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. యాభై రెండేళ్ళొచ్చాయి, మొగుణ్ణీ ఒరే అనలేదు, మొగుడి తమ్ముణ్ణీ అనలేదు, ఇప్పుడు దేశాన్ని కాపాడే పిల్లని పట్టుకుని ఒసే అనమంటే ఎలా వస్తుంది. అదే చెప్పాను.

"నేను బతకాలని ఉంటే వస్తది" అంది ఆ పిల్ల, అన్నం కలుపుకుంటూ.

బహుళ త్రయోదశి. బయట ఐదున్నర, లోపల ఆరు. తీపి.

అక్షరాలు బాగోకపోతే క్షమించండి.

మధ్యాహ్నం రేవు పడవలు మూడు దిగువ మలుపులో ఆగి గుండ్లు వేశాయి. మొదటిది నా క్వార్టరు కప్పు మీద పడింది. రెండోది ఎడమ గట్టు మీద ఇసక బస్తాల మధ్య పడింది. కుడుముల యాదయ్య, షేక్ మస్తాన్ వలి అక్కడికక్కడే పోయారు. వాళ్ళ పేర్లు ఈ పుస్తకంలో ఉండాలి. కొట్టెయ్యకండి.

వంతెన అవతలి చివర దూలం ఒకటి ఓబులేసు కాలు మీద పడింది. పెద్ద తుపాకీ వాడి పక్కనే ఉంది గాని చేతికి అందదు. మిగిలినవాళ్ళం నేలకి కరుచుకుపోయాం. సుగుణ ఒక్కతే లేచింది. గుండ్లు పడుతూనే ఉన్నాయి, వంతెన మొత్తం దాపు లేని చోటు. ఆ చివరిదాకా పరిగెత్తి, దూలం కింద భుజం పెట్టి ఎత్తి, వాణ్ణి చంకల కింద పట్టుకుని ఈడ్చింది. ఈడుస్తూనే ఎవరెక్కడ ఉండాలో చెప్పింది, సంతలో కూరలు బేరమాడినంత మామూలుగా. ఆ గొంతు విని ఒక్కొక్కళ్ళం లేచాం.

అప్పుడు తూనీగ దిగడం చూశాను. సరిగ్గా ఆవిడ వెనకే.

"అమ్మా, తల వంచండి" అని అరిచాను.

అరిచాక తెలిసింది ఏమన్నానో. అది తిరిగింది, పేల్చింది. తల వంచబట్టి మెడకి తగలాల్సింది ఎడమ మోచేతి పైన తగిలింది. చంపబోయిందీ నా నోరే, కాపాడిందీ నా నోరే. దీన్నేం చేసుకోనండి నేను.

కట్టు కడుతుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఏడవకు పెద్దమ్మా" అంది. "దాని గుండు అయిపోయింది గదా. నాకింక రెండో చెయ్యి ఉన్నది." పడవలు మాత్రం వెనక్కి పోయాయి. వాటిని ఓబులేసు తోలేశాడు, విరిగిన కాలు పక్కకి చాపుకుని.

గంట పోయాక ఇంకో తూనీగ వచ్చింది. అందరం నోళ్ళు మూసుకున్నాం. నీళ్ళకి బయల్దేరితే నా గేదె దారికడ్డంగా పడుకుని ఉంది. "కాస్త జరగండమ్మా, దారివ్వండి" అన్నాను దానితో. తూనీగ చటుక్కున వచ్చి గేదె మీద నిలబడింది. అది జరగలేదు. "మీకే చెప్తున్నానండి" అన్నాను. తూనీగ ఇంకాస్త కిందికి దిగి దాన్ని ఎగాదిగా చూసింది. వదిలి వెళ్ళలేదు, పేల్చనూ లేదు. అరగంట అలాగే నిలబడి, చార్జింగు అయిపోయి కాలవలో పడింది.

సుగుణ గోడ కన్నంలోంచి అంతా చూసింది. చెయ్యి నొప్పెట్టేదాకా నవ్వింది.

"నువ్వు బర్రెకు గూడ అండి అంటవా?"

"ఆయ్. అది మాత్రం ఏం పాపం చేసుకుంది?"

బహుళ చతుర్దశి. బయట ఆరు, లోపల ఆరు. తీపి.

పొద్దున బుల్లబ్బాయి తనంతట తనే వచ్చి మాట్లాడాడు. "ఒకళ్ళని అండి అంటే ఆ ఒకళ్ళని చంపుతుంది. గేదెని అంటే దానికి మతి పోయింది. అందర్నీ అందరూ అంటే?"

"వద్దు" అంది సుగుణ.

"ఎందుకూ?"

"అది తేల్చుకోలేక పడిపోతే మంచిదే. తేల్చుకుంటే? మీల ఎవరినో ఒకరిని ఎంచుకుంటది. నా గుండు నాది. మీకు పంచను."

బుల్లబ్బాయి తలెత్తాడు. ఆ మనిషికి కోపం రావడం అదే మొదటిసారి చూశాను. "నీ గుండు నీది కాదు, సుగుణా. పల్లెపాలెంలో ఒక్క గుండుకి పన్నెండు మందిమి పోయాం. చచ్చింది ఒక్కరే, పోయింది అందరం. ఈసారి నేను పోను. నువ్వు వద్దన్నా అంటాను."

ఒక్క అండి లేకుండా ఒసే అన్నంత పని చేశాడు. ఆవిడ అందరినీ అడిగింది, కాలవ పట్టుకుని పైకి వెళ్ళిపోయేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే వెళ్ళొచ్చు, ఎవరూ ఏమీ అనరు అని. ఓబులేసు, "నా కాలు ఇరిగిందప్పా, యాడికి పోయేది?" అన్నాడు. మిగతావాళ్ళూ కదల్లేదు.

ఇక మధ్యాహ్నం నుంచి నేనే గురువుని. నిన్నటిదాకా నన్ను చూసి నవ్వినవాళ్ళందరికీ అండి నేర్పాను. ఓబులేసు నోట్లో అది కొబ్బరిపీచులా అడ్డుపడుతోంది. "రెండక్షరాలే కదండి, నాలికేం అరిగిపోదండి" అని వాడి చేత యాభైసార్లు అనిపించాను. వాడి ద్వాదశి నవ్వుకి అది సరి.

అమావాస్య. బయట ఆరున్నర, లోపల ఆరు. నాలిక మీద ఉప్పు లేదు.

వచ్చారు. పడవలు ఐదు, తూనీగలు ఐదు. ఇలాంటి యుద్ధం ఎక్కడా జరిగి ఉండదండి.

"ఓబులేసు గారూ, ఎడమ పక్క పడవ చూడండి."

"చూస్తినండి. కాల్చమంటారాండి?"

"తమరి దయండి, కాల్చండి."

"బుల్లబ్బాయి గారూ, తూటాల పెట్టె అందుకోండి."

"ఆయ్, అందుకున్నానండి, మీరు కాస్త తల దాచుకోండి, పోతారు."

మధ్యలో నేను గేదెని కూడా వదల్లేదు. తూనీగలు ఒకరి మీంచి ఒకరి మీదికి, పెళ్ళి విడిదిలో పెద్దమనిషి ఎవరో తెలీని కొత్త బంట్రోతుల్లా తిరిగాయి. చార్జింగు అయిపోయి ఒక్కొక్కటే నీళ్ళలో పడ్డాయి. ఐదూ పడ్డాయి. ఒక్కటీ పేలలేదు. పోటు తగ్గి పాటు తీసే వేళకి పడవలు వెనక్కి తిరిగాయి. సుగుణ గట్టు మీద నిలబడి, కట్టు కట్టిన చేత్తోనే వాళ్ళకి దణ్ణం పెట్టి, "మళ్ళ రాకండి" అంది. మర్యాదగానే అంది.

పుష్య శుద్ధ పాడ్యమి. బయట ఎనిమిదింబావు. లోపల రాయలేదు, కారణం కింద ఉంది.

ఈ రోజే పెద్ద పోటు. పొద్దున ఎనిమిదికి వాళ్ళు మొత్తం బలగంతో వచ్చారు, ముందు పొగ వదిలారు. తూనీగ మాత్రం ఒకటే వచ్చింది. నిన్నటిలాగే మొదలుపెట్టాం. బుల్లబ్బాయి ఇద్దరితో, "పెట్టె అటు మొయ్యండి బాబూ" అన్నాడు. వాళ్ళు ఆయనకి అండి కూడా అనలేదు, మాట్లాడకుండా మోశారు. తూనీగ పేల్చింది.

బుల్లబ్బాయి గోడకి చేరగిలబడి కూర్చుండిపోయాడు. సుగుణ వెళ్ళి తల ఒళ్ళో పెట్టుకుంది. "ఈసారి పోలేదు కదండి" అన్నాడు. అంతే. పోలేదండి. ఆ మనిషి ఉన్నచోటే ఉన్నాడు.

సుగుణ అతని కళ్ళు మూసి లేచింది. "చెవి మార్చిన్రు" అంది. "అండిని వదిలేసింది. ఇప్పుడు ఎవరు చెప్తే ఎవరు చేస్తున్నరో చూస్తున్నది. ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పొద్దు. మీ జాగాల మీరే కాల్చుకోండి."

ఈలోగా పొగలో నలుగురు రేవు మనుషులు వంతెనెక్కారు. ఓబులేసు చూసి వాళ్ళని నీళ్ళలోకి దూకించేసరికి చక్రాలు తిప్పేశారు, షట్టరు అడుగున్నర లేచింది. ఉప్పునీరు కిందనుంచి ఉరుకుతోంది. పెద్ద పడవ మలుపు తిరిగింది.

చక్రాలు రెండు, చెరో చివర. రెండూ సమంగా తిరిగితేనే షట్టరు దిగుతుంది. ఒకటి ముందుకి పోతే వంకరపడి బిగుసుకుంటుంది. నలభై చుట్లు. పొగలో ఒకళ్ళకొకళ్ళం కనపడం, నోటితో చెప్పుకోవాల్సిందే. ఆ పని తెలిసింది నాకొక్కదానికే. సుగుణ ఒంటిచేత్తో అవతలి చక్రం పట్టుకుంది. పడవలోంచి తూటాలు వంతెన కమ్మీలకి తగిలి టంగుమంటున్నాయి. తలెత్తితే రెండో తూనీగ, నిండు గుండుతో, మా ఇద్దరి నడుమ నిలబడింది.

"తిప్పు" అంది సుగుణ. వేరే దారి లేదు మరి.

నోటిదాకా వచ్చిందండి, ఆయ్, అలాగేనండి అని. ఆవిడ చెప్పడం, నేను చెయ్యడం, ఆ ఒక్కటి చాలు దానికి. బుల్లబ్బాయి మొహం కళ్ళముందు కదిలింది.

"ఒసే సుగుణా" అన్నాను. "నువ్వెవత్తివే నాకు చెప్పడానికి? ముందు నువ్వు తిప్పవే."

అని చక్రం ఒక చుట్టు తిప్పాను.

అవతలి చక్రం కిర్రుమంది. "నేనెందుకు తిప్పాలె, నీ చేతులేమన్న పడిపోయినయా ముసల్దానా?"

"ముసల్దాన్నా? నీ నోట్లో మన్ను పొయ్య. నువ్వు పుట్టకముందునుంచీ తిప్పుతున్నానే ఈ చక్రం." రెండో చుట్టు.

"అందుకే తుప్పు పట్టింది, దానికీ నీకూ."

తిట్టుకో చుట్టు. అదే లెక్క. నేను తిట్టి తిప్పితే ఆవిడ తిట్టి తిప్పుతుంది. ఇరవై తిట్లకి నా దగ్గర సరుకైపోయింది, మా అత్తగారివి అరువు తెచ్చుకున్నాను. ఆవిడ గోండు భాషలోకి దిగిపోయింది. అవేమిటో నాకు తెలీదు గాని గట్టివే. కుళాయి దగ్గర బిందెల తగువు చూసి ఆఫీసరు ఎవరో ఏ మర చెప్పగలదండి. తూనీగ అటోసారి, ఇటోసారి తిరిగింది. ముప్పై ఎనిమిదో తిట్టుకి రెక్కలు నెమ్మదించి, వంతెన మీద నా కాళ్ళ దగ్గర పడింది. నలభయ్యో చుట్టుకి షట్టరు గడప మీద కూర్చుంది. పెద్ద పడవ వచ్చి దాన్ని గుద్దుకుని ఆగిపోయింది. దాని సంగతి ఓబులేసు చూసుకున్నాడు.

పదకొండుకి పోటు తిరిగింది.

సుగుణ నా చక్రం దగ్గరికి వచ్చింది, కట్టంతా రక్తం. నేల మీద కూలబడి, బుల్లబ్బాయిని తలుచుకుని ఏడ్చింది. నేనూ పక్కనే కూర్చుని ఏడ్చాను.

లోపలి నీళ్ళు నాలిక మీద వేసుకున్నాను. కొంచెం ఉప్పు తగిలింది, అందుకే లోపల మంచినీరని రాయలేదు.

శుద్ధ తదియ. బయట ఆరు, లోపల ఆరుంబావు. తీపి.

నిన్న రాయలేదు, పోయినవాళ్ళ పనులు చూసుకున్నాం. ఇవాళ పైనుంచి యాభై మందితో మేజరు గారు వచ్చారు. వస్తూనే, "ఇక్కడ ఆఫీసరు ఎవరు?" అన్నారు. అలవాటు పడిపోయామేమో, ఎవరూ పలకలేదు. ఓబులేసు చెయ్యి చాపి గేదెని చూపించాడు. ఆయనకి కోపమొచ్చింది. తర్వాత అంతా విని టోపీ తీశారు.

ఓవర్సీరు గారూ, ఈ పుస్తకంలో కాపలా అధికారి పేరు రాసే గడి ఏడు రోజులూ ఖాళీగా ఉంచాను. ఇప్పుడు రాస్తున్నాను. లెఫ్టినెంటు ఆత్రం సుగుణ గారు. దాని కిందే, నాయక్ బుల్లబ్బాయి గారు. ఆ గడిలో ఒకే పేరు ఉండాలని మీరంటారు. ఈ రెండిట్లో దేని మీద ఎర్రసిరా పడినా మీ ఇంటికొస్తాను. నాకిప్పుడు నలభై తిట్లు వచ్చు.

మధ్యాహ్నం సుగుణ గారిని ఆసుపత్రి పడవ ఎక్కించారు. గట్టు మీద నిలబడ్డాను. తూనీగలు లేవు, ఇప్పుడు ఎన్ని అండీలైనా అనొచ్చు. వెళ్ళి రండమ్మా అందామనే నోరు తెరిచాను. అది రాలేదు.

"ఒసే" అన్నాను. "చెయ్యి జాగర్తే."

పడవలోంచి వెనక్కి తిరిగి, నిటారుగా నిలబడి, మంచి చేత్తో నాకు సెల్యూట్ పెట్టారు.

"ఆయ్, అలాగేనండి" అన్నారు.